అత్తగారు కాలు పట్టుకున్న ఆదివారం

30 నవంబరు 1997, ఆదివారం, కార్తీక అమావాస్య. స్థలం: మా ఇంటి వెనక కాలువ రేవు. హాజరైనవారు: నేను, మా ఆవిడ, మా అమ్మాయి పిచిక, రాజమండ్రి అత్తగారు, అరటి బాబాయి, ఒక విమానం. రానివారు: మామగారు (మోకాళ్ళ నొప్పులట. ఆయన మోకాళ్ళకి ముందుచూపు ఎక్కువ).

ఆ రోజు డైరీ ఇలా మొదలవుతుంది. ఆ రోజుల్లో, అంటే ఊరికి ఒక్క ఎస్టీడీ బూతు ఉండి, దాని ముందు ఊరంతా వరసలో నిలబడే రోజుల్లో, నాకొక గట్టి నమ్మకం ఉండేది. దేన్నైనా సరే గడులు గీసి, గళ్ళలో రాసి గోడకి అంటిస్తే అది బుద్ధిగా చెప్పినట్టు వింటుందని. కాలువల ఆఫీసులో చిన్న గుమస్తాని. ఏ కాలువకి ఏ రోజు నీళ్ళు వదలాలో పట్టిక వేస్తే నీళ్ళు నిజంగానే ఆ రోజుకి వచ్చేవి. నీళ్ళంతటివే వింటుంటే ఆరేళ్ళ పిల్ల వినదా అనుకున్నాను. (నీళ్ళు కూడా పూర్తిగా వినవని తర్వాత తెలిసింది. ఆ ముచ్చటే ఇప్పుడు చెప్పబోతున్నాను.)

పిచిక అనేది మా అమ్మాయిని ఇంట్లో పిలిచే పేరు. బళ్ళో వేరే పేరుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే అది కూడా వెనక్కి తిరిగి ఎవరినా అని చూసేది. ఆ ఏడు జూన్‌లో దాన్ని రావులపాలెం వైపున్న కాన్వెంటులో వేశాం. ఆటోలో వెళ్ళాలి. ఆటో కాలువ గట్టు ఎక్కగానే మా అమ్మాయికి కడుపులో తిప్పేది. రెండు వారాలు ఓర్చుకుని, ఆటో అతను ఒక సాయంత్రం చేతులు కట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. "అండీ, పాపని ముందు కూర్చోబెట్టుకుంటే నా మీదండి. వెనక కూర్చోబెడితే పిల్లలందరి మీదండి. మధ్యలో సీటు లేదండి," అన్నాడు. సరిగ్గా ఆ వారమే ఏదో పత్రికలో ఒక వ్యాసం చదివి ఉన్నాను. పిల్లలకి ఋతువులే పాఠాలు కావాలి, ఏ నెలకి ఆ నెల కథ చెప్పి, ఆ నెలలో దొరికే వస్తువులతో బొమ్మలు చేయించి, అందులోంచే అక్షరాలూ లెక్కలూ నేర్పాలి అని అందులో రాశారు. ఇంకేం! ఈ ఏడాది పిచికకి ఇంట్లోనే చదువు అని ప్రకటించేశాను. ఆ ఆదివారమే పెద్ద చార్టు తెచ్చి పన్నెండు నెలలూ అడ్డంగా, కథ, చేతిపని, అక్షరాలు, లెక్కలు నిలువుగా రాసి వంటింటి తలుపుకి అంటించాను. మా ఆవిడ చార్టుని పైనించి కిందకి చదివి, "అంతా బాగానే ఉంది. ఇందులో మా అమ్మ ఏ గడిలో ఉందండీ?" అంది.

మా ఆవిడ దూరం చూసింది. అత్తగారు రాజమండ్రిలో ఆడపిల్లల బళ్ళో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. రిటైరైనా బెత్తం చేతిలోంచి దిగిందే గానీ చూపులోంచి దిగలేదు. సంగతి తెలియగానే ఎస్టీడీ బూతుకి కబురు పంపి నన్ను పిలిపించారు. "అల్లుడుగారూ, చదువంటే బొమ్మలాట కాదండి. సరే, మీ ముచ్చట మీరు తీర్చుకోండి. కార్తీకం వెళ్ళేనాటికి నేనే వచ్చి పరీక్ష పెడతాను. పిల్ల చదవగలిగితే మీ దగ్గరే ఉంటుంది. లేదా, నాతో తీసుకుపోయి మా వీధి చివరి కాన్వెంటులో వేస్తాను. నడిచి వెళ్ళొచ్చు. పండగలకీ పబ్బాలకీ పంపిస్తాను," అన్నారు. నేను "అలాగేనండి అత్తయ్యగారూ" అన్నాను. ఆవిడతో అలాగేనండి కాకుండా వేరే మాట అన్నవాళ్ళు మా బంధువుల్లో అప్పటికి ఎవరూ లేరు. బూతులోంచి ఇంటికి నడుస్తుంటే మాత్రం ఆ చివరి మాటే వెంట వచ్చింది. పిల్లని పండగలకీ పబ్బాలకీ చూడ్డం! మా ఇల్లు అసలే రెండు గదులు. అందులోంచి పిచికని తీసేస్తే మిగిలేది నేనూ, మా ఆవిడా, ఆ చార్టూనూ.

కాబట్టి పట్టుదలగా మొదలుపెట్టాను. ఆషాఢం గడిలో గోరింటాకు. పిచిక అరచేతుల్లో చందమామలకి బదులు అక్షరాలు పెట్టించాను. కుడిచేతిలో అ ఆ ఇ, ఎడంచేతిలో ఈ ఉ ఊ. పండినన్నాళ్ళు పుస్తకం వెంటే తిరుగుతుంది కదా అని నా ఆలోచన. ఎర్రగా పండింది, పిల్ల గుక్కతిప్పుకోకుండా చదివింది. అక్కడితో ఆపితే బాగుండేది. "నాన్నా, నా చేతులు అయిపోయాయి. ఇప్పుడు నీవి," అంది. చదువు అడిగిన పిల్లని కాదనకూడదని చేతులు చాపాను. మర్నాడు ఆఫీసులో ఫైలు అందిస్తుంటే సూపరింటెండెంటు గారు నా చెయ్యి పట్టుకుని, కళ్ళజోడు సవరించుకుని, "ఏంటండీ ఇది? ఋ నా?" అన్నారు. "అవునండి. రెండో దాంట్లో ౠ ఉందండి," అని చూపించాను. ఆయన నా చెయ్యి మెల్లగా వదిలేశారు. తర్వాత నాకు ఒక రోజు సెలవు కావాలేమో అని దయగా అడిగారు. భాద్రపదంలో కాలువ మట్టితో వినాయకుణ్ణి చేయించాను. ఎలకకి ఎక్కువ మట్టి పడి, వినాయకుడు దాని వీపు మీద బొబ్బర్ల గింజలా కూర్చున్నాడు. ఆశ్వయుజంలో అట్లతద్దికి అట్లు పోయించి, గుండ్రాలూ సగాలూ పావులూ నేర్పించాను. పావులు నేర్పేసరికి అట్లన్నీ అయిపోయాయి, కానీ పిల్లకి పావు అంటే తెలిసింది. అక్షరాలు కూడా, ఆశ్చర్యమేమిటంటే, నిజంగానే వస్తున్నాయి.

అప్పుడొచ్చింది కార్తీకం. కార్తీకం గడిలో నేను ఎప్పుడో జూన్‌లోనే ఎర్ర సిరాతో రాసి పెట్టుకున్నాను: కథ, పోలి స్వర్గం. చేతిపని, అరటి దొప్పలో దీపం. కథ తెలియనిది ఎవరికి! పోలి అని ఒక చిన్నకోడలు. అత్తగారు పెద్దకోడళ్ళని వెంటబెట్టుకుని రోజూ నదికి కార్తీక స్నానానికి పోతూ, పోలిని ఇంట్లో వదిలి, అది దీపం పెట్టుకోకుండా నూనే వత్తీ దాచేసేది. పోలి పెరట్లో రాలిన పత్తితో వత్తి చేసుకుని, కవ్వానికి అంటిన వెన్నతో దీపం వెలిగించి, ఎవరూ చూడకుండా బుట్ట బోర్లించేది. నెల వెళ్ళిన మర్నాడు స్వర్గం నించి దానికోసం విమానం దిగింది. అది చూసి అత్తగారు ఎగిరి పోలి కాలు పట్టుకుంది, అత్తగారి కాలు పెద్దకోడలు, పెద్దకోడలి కాలు రెండో కోడలు, అలా గొలుసులా వేలాడి, చివరికి అందరూ కింద పడ్డారు. ఆ జ్ఞాపకంగానే మార్గశిర పాడ్యమి తెల్లవారుజామున మా వైపు ఆడవాళ్ళు దొప్పల్లో దీపాలు పెట్టి నీళ్ళలో వదులుతారు. పిచికకి ఈ కథ ఎంత నచ్చిందంటే నెలంతా వేరే కథ చెప్పనివ్వలేదు.

అత్తగారు ఆదివారం వస్తున్నారని కబురందిన సాయంత్రం, పిచిక నడవాలో మంచం కోడు పట్టుకుని వేలాడుతూ అత్తగారి పాత్ర అభినయిస్తోంది. మా ఆవిడ చేస్తున్న పని ఆపి నా వైపు చూసింది. "ఏవండీ, మా అమ్మ ముందు ఈ పిల్ల చెప్పబోయేది ఈ కథేనా?" అంది. నెల నించీ కథ చెప్తున్నాను, ఆ కథలో దుర్మార్గురాలు అత్తగారన్న సంగతి నా బుర్రకి తట్టలేదు. (చార్టులో పాత్రల గడి లేదు.) వెంటనే దిద్దుబాటు మొదలుపెట్టాను.

"పిచికా, నూనె దాచింది అత్తగారు కాదమ్మా, పక్కింటావిడ."

"వీళ్ళ నూనె పక్కింటావిడ దగ్గర ఎందుకుంటుంది?"

"అంటే... అప్పు తీసుకుంది."

"అప్పు తీసుకున్నావిడ కాలు పట్టుకుంటుందా? నాన్నా, నీకు కథ సరిగ్గా రాలేదు. కూర్చో, నేను చెప్తాను."

కూర్చున్నాను. మొదటినించి చివరిదాకా చెప్పింది. అత్తగారు ఇంకాస్త దుర్మార్గురాలైంది.

చేతిపని దగ్గరికొచ్చేసరికి ఇంకో చిక్కు. నేను అరచెయ్యంత దొప్ప కోసి చూపిస్తే పిచిక దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇందులో చీమ కూడా స్వర్గానికి వెళ్ళదు" అని తేల్చేసింది. పోలి ఎక్కాలంటే విమానం పోలి అంత ఉండాలి కదా అని దాని వాదన. నేను తెల్లబోయి చూస్తుంటే, పెరటి కంచె మీంచి అరటి బాబాయి తల పెట్టాడు. అరటి బాబాయి మాకు వరసకి బాబాయి. కాలువ పక్కన అరటితోట. ఊళ్ళో ఏ పని జరుగుతున్నా పిలవకుండా వచ్చి, ఆ పని రెండింతలు చేసి వెళ్ళేవాడు. "పిల్ల కరెక్టుగా చెప్పింది అబ్బాయ్. నిన్ననే గెలలు కొట్టించాను. బోదెలు ఊరికే పడున్నాయి. తెప్ప కట్టేద్దాం పద," అన్నాడు. రెండు రోజుల్లో ఆరు బోదెలు పక్కపక్కనే పేర్చి, వెదురు పుల్లలు గుచ్చి, తెప్ప తయారు చేశాడు. పైన వెదురు బద్దలు వంచి పందిరి. కడియం వెళ్ళిన వాళ్ళచేత బంతిపూలు తెప్పించాం. కొబ్బరాకుతో చిలకలు, బూరలు, గాలిచక్రాలు చేసి పందిరి చుట్టూ వేలాడదీశాం. నేను ఊరుకోలేక దొప్ప ముక్కల మీద అచ్చులూ హల్లులూ రాయించి తోరణంలా కట్టించాను. పరీక్ష అక్కడే జరిగిపోవాలని. మా ఆవిడ వచ్చి చూసి, "విమానం సంగతి తెలీదు గానీ, పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళడానికి మాత్రం బాగుంది," అంది.

ఇక్కడ కాలువ సంగతి చెప్పాలి. కోతల రోజులు కాబట్టి కాలువకి నీళ్ళు తగ్గించేశారు. మా రేవులో నీళ్ళు నా మోకాలి కిందకే. ఏటా ఈ రోజుల్లో ఊరి ఆడవాళ్ళు మా ఆఫీసుకొచ్చి, "పోలి దీపాలు బురదలో కూర్చుంటాయండి, కాస్త నీళ్ళు వదలండి" అని అడగడం, మేం వదలడం మామూలే. ఆ ఏడు ఆ కాగితం సిద్ధం చేసింది నేనే. "పాడ్యమి తెల్లవారేసరికి దిగువ రేవులన్నిటికీ నీరు చేరవలెను" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. చేరవలెను అంటే ముందే వదలవలెను అని, ముందే అంటే ఆదివారం మధ్యాహ్నమే అని, లాకుల దగ్గర తలుపులెత్తే లస్కరుకి చక్కగా అర్థమైంది. రాసిన నాకు అర్థం కాలేదు. ఆదివారం కాలువ నిద్రపోతుంటుంది, పిల్లని తెప్ప మీద కూర్చోబెట్టినా భయం లేదు అని నిశ్చింతగా ఉన్నాను.

ఆదివారం అత్తగారు భోజనాల వేళకి దిగారు. చేతిలో హ్యాండుబ్యాగు, దాంట్లో ఆ రోజు పేపరు, పిల్ల బట్టలు పెట్టుకోవడానికి మడిచి తెచ్చిన ఖాళీ సంచి. ఆ సంచి చూడగానే మా ఆవిడ పులుసులో రెండోసారి ఉప్పు వేసింది. భోజనాలయ్యాక అందరం రేవుకి నడిచాం. అప్పుడప్పుడే మా ఊళ్ళోకి వస్తున్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి బాబాయి తెచ్చి, పై మెట్టు మీద వేసి, ముఖ్య అతిథిలా అత్తగారిని కూర్చోబెట్టాడు. తెప్పని కట్టడానికి రేవులో ఒకే ఒక రాయి ఉంది. దానికి ఆడవాళ్ళు మర్నాటి పూజ కోసం పసుపు రాసి, బొట్లు పెట్టి, ముట్టుకుంటే ఊరుకోమని చెప్పి వెళ్ళారు. తాడు పట్టుకుని నేను దిక్కులు చూస్తుంటే బాబాయి నా చెవిలో, "కుర్చీ కాలికి కట్టెయ్యి అబ్బాయ్. వదినగారు కూర్చున్నాక ఏనుగొచ్చి లాగినా కదలదు," అన్నాడు. (అత్తగారు ఆయనకి వరసకి వదిన. ఆ వరస ఆయన ఎప్పుడూ వృథా పోనిచ్చేవాడు కాదు.) ఆలోచించి చూస్తే ఆ రేవులో అంతకంటే స్థిరమైన ఆధారం నిజంగానే కనిపించలేదు. కట్టేశాను.

పరీక్ష మొదలైంది. పిచిక పట్టులంగా కట్టుకుని, తెప్ప మీద పందిరి కింద నిలబడి, అచ్చులూ హల్లులూ కొబ్బరాకు చిలకతో ఒక్కొక్కటే ముట్టుకుంటూ గడగడా చదివేసింది. అత్తగారు బ్యాగులోంచి పేపరు తీసి పెద్ద అక్షరాల వరస చూపించారు. కూడబలుక్కుంటూ అదీ చదివింది. అత్తగారు "ఊఁ" అన్నారు. ఆవిడ నోట ఊఁ రావడమంటే ఏంటో తెలిసిన మా ఆవిడ నా చెయ్యి గిల్లింది. "సరే, లెక్క. ఆరు అట్లున్నాయి. నాన్న రెండు తిన్నాడు. ఎన్ని మిగిలాయి?"

"రెండు."

"ఎలాగే?"

"నాన్న రెండుతో ఆగడు అమ్మమ్మా. ఇంకో రెండు తింటాడు."

బాబాయి పకపకా నవ్వాడు. అత్తగారి పెదవి కూడా ఒక పక్కకి జరిగింది. గండం గట్టెక్కింది అనుకున్నాను. అప్పుడే ఆవిడ, "ఈ అలంకారమంతా దేనికి మరి? కథ కూడా ఉందా?" అన్నారు. ఉందని పిచిక ఎగిరి గంతేసింది. ఆ గంతుకి తెప్ప ఊగింది, తాడు బిగిసింది. అత్తగారు ఉలిక్కిపడి, "కుర్చీ కదుల్తోందేంటండీ?" అన్నారు. "కథ వినాలని దానికీ ఉబలాటం వదినగారూ," అన్నాడు బాబాయి. నేను కాలువ వైపు చూసి ఉండాల్సింది. మూడో మెట్టు అప్పటికే మునిగింది. కానీ నా చూపంతా పిచిక నోటి మీదే ఉంది.

"అనగనగా ఒక చిన్నకోడలు పోలి. దానికి దీపం పెట్టుకుందామంటే నూనె ఉండదు. ఎందుకంటే..." అని పిచిక ఆగింది. నేను అత్తగారి వెనక నిలబడి రెండు చేతులూ ఎత్తి పక్కింటి వైపు చూపిస్తూ, పెదవులతో "పక్కింటావిడ, పక్కింటావిడ" అంటున్నాను. పిచిక నన్ను జాలిగా చూసింది. "అమ్మమ్మా, నాన్న పక్కింటావిడ అని చెప్పమన్నాడు గానీ, దాచింది అత్తగారే."

కాలువ గట్టు మీద ఒక కొంగ లేచిపోయింది. అత్తగారు వెనక్కి తిరగలేదు. ముందుకే చూస్తూ, "కానివ్వండి అల్లుడుగారూ. నేనూ వింటాను," అన్నారు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో తెలియలేదు. (ఇప్పటికీ అడిగితే చెప్పదు.) పిచిక మాత్రం పత్తి ఏరింది, కవ్వం తిప్పింది, బుట్ట బోర్లించింది, విమానాన్ని దింపింది. దింపి, కుడికాలు తెప్ప అంచు దాకా చాపి, గజ్జె ఘల్లుమనిపించి, "అమ్మమ్మా, ఇక రా. నువ్వే అత్తగారివి," అంది.

"నేనెందుకే?"

"ఇక్కడ అత్తగారు నువ్వొక్కదానివే ఉన్నావు. నాన్నకి అత్తగారివేగా? వచ్చి నా కాలు పట్టుకో."

బాబాయి ఊరుకుంటాడా? "పట్టుకోండి వదినగారూ, స్వర్గం ఊరికే వస్తుంటే," అన్నాడు.

అంతే. అత్తగారికి ముప్పై ఏళ్ళ హెడ్మిస్ట్రెస్‌గిరీ ఒక్కసారి వెన్నులో నిటారుగా నిలబడింది. "ఏంటండీ ఈ వేళాకోళం! నేను నా జన్మలో ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు, పట్టుకోను!" అంటూ కుర్చీలోంచి చివాలున లేచారు. ఆవిడ లేవడమే ఆలస్యం, కుర్చీ కూడా లేచింది. మెట్టు మెట్టుకీ ఒక గెంతు గెంతి, ఆవిడ పక్కనించి నీళ్ళలోకి ఉరికింది. అప్పుడు చూశాను కాలువని. నిద్రపోవాల్సిన కాలువ నిండుగా, ఎర్రగా, చెత్తా చెదారం నెత్తిన పెట్టుకుని హుషారుగా వస్తోంది. తెప్ప రేవు వదిలింది. పందిరి కింద మా అమ్మాయి రెండు చేతులూ పైకెత్తి, "ఎగిరింది! ఎగిరింది!" అని కేకలు.

నేను మెట్లు దిగేలోపలే నా పక్కనించి ఏదో తుపానులా దూసుకుపోయింది. చూస్తే అత్తగారు. కట్టుకున్న చీరతో, కళ్ళజోడుతో, బ్యాగుతో నడుం లోతు నీళ్ళలోకి దూకేసి, రెండు చేతులా పిచిక కాలు పట్టేసుకున్నారు. మా ఆవిడ "అమ్మా!" అంటూ దూకి అత్తగారి నడుం పట్టుకుంది. నేను మా ఆవిడ భుజాలు పట్టుకున్నాను. బాబాయి వెనకనించి వచ్చి, పట్టుకోవడానికి ఇంకేమీ అందక, నా లుంగీ పట్టుకున్నాడు. ఆ తర్వాతి నా ప్రయాణమంతా ఒక చేత్తో మా ఆవిణ్ణి, ఒక చేత్తో నా పరువుని పట్టుకుని సాగింది. నలుగురం ఒకరినొకరు పట్టుకుని తెప్ప వెనకే కాలువలో దిగువకి నడిచిపోతున్నాం. మా వెనకే ప్లాస్టిక్ కుర్చీ, ఎవరినో కూర్చోమంటున్నట్టు తేలుతూ వస్తోంది. పై నించి పిచిక మా అందరినీ ఒక్కొక్కరినే చూసి, పరమానందంతో కథ కొనసాగించింది. "అత్తగారు పోలి కాలు పట్టుకుంది. అత్తగారిని పెద్దకోడలు పట్టుకుంది. పెద్దకోడల్ని నాన్న... అమ్మమ్మా, ఇప్పుడు మీరందరూ వదిలేసి పడిపోవాలి!"

"పడను! ఛస్తే వదలను!" అని అత్తగారు అరిచారు.

"పడాలి అమ్మమ్మా, కథలో అలాగే ఉంది!"

"కథ నీ మొహం! కూర్చోవే ముందు, పడిపోతావు!"

కింది రేవులో నలుగురైదుగురు ఆడవాళ్ళు మర్నాటి కోసం ఇత్తడి కుందులు చింతపండుతో తోముకుంటున్నారు. పూలపందిరి కింద పట్టులంగా పిల్ల, ఆ పిల్ల కాలు పట్టుకుని పెద్దావిడ, ఆవిడ వెనక మేం, మా వెనక కుర్చీ, ఊరేగింపులా ఎదురుగా పోతుంటే అందరూ చేతులాపి చూశారు. ఒకావిడ బుగ్గన చెయ్యి పెట్టుకుని, "ఏంటమ్మా, పోలి స్వర్గం రేపు కదా? మీరు ఇవాళే బయల్దేరారేంటి?" అంది. ఇంకొకావిడ అనుమానం లేకుండా దణ్ణం పెట్టేసింది. ఆ రేవు దాటాక మలుపులో గుర్రపుడెక్క దట్టంగా పట్టి ఉంది. స్వర్గానికి పోవలసిన విమానం అందులో దూరి ఆగిపోయింది. గట్టెక్కాక చూసుకుంటే ఎవరికీ దెబ్బల్లేవు. పిచిక ఒంటి మీద నీటి చుక్క లేదు. అత్తగారి కళ్ళజోడు ఒక చెవికి వేలాడుతోంది, తలలో ఒక ఊదారంగు గుర్రపుడెక్క పువ్వు. ఆ పువ్వు సంగతి ఆవిడకి చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. బాబాయికి ఉంది గానీ, అప్పటికి కుర్చీ కోసం వెళ్ళాడు.

ఇంటికొచ్చాక అత్తగారు పొడిచీర మార్చుకుని, తెచ్చిన ఖాళీ సంచి విప్పి పిచిక గౌన్లు ఒక్కొక్కటే మడిచి పెట్టారు. మా ఆవిడ గుమ్మం పట్టుకుని చూస్తూ నిలబడింది. చివరికి నేనే, "అత్తయ్యగారూ, పిల్ల పేపరు చదివింది కదండీ," అన్నాను. "చదివింది. తర్వాత కాలవలో కొట్టుకుపోయింది కూడా. పొద్దున్న మొదటి బస్సుకి వెళ్తాం," అన్నారు. అలాగేనండి అనకుండా వెళ్ళి వంటింటి తలుపు మీది చార్టు ముందు నిలబడ్డాను. ఏమీ తెలియని పిచిక, సంచిలో తన గౌన్ల పక్కన కొబ్బరాకు చిలక ఒకటి పెట్టి, "ఎక్కడికి వెళ్తున్నాం?" అని అందరినీ అడిగి, ఎవరూ చెప్పకపోతే, అమ్మమ్మ పక్కలోనే పడుకుని నిద్రపోయింది.

మర్నాడు తెల్లవారకముందే రేవు నిండా ఆడవాళ్ళు. నీళ్ళు అంచు దాకా వచ్చి, పెద్దమనిషిలా నెమ్మదిగా పోతున్నాయి. అత్తగారు, మా ఆవిడ స్నానాలు చేసి, మామూలు దొప్పల్లో, అరచెయ్యంత దొప్పల్లోనే, దీపాలు పెట్టి వదిలారు. ఒకదాని వెనక ఒకటి దీపాలు మలుపు దాకా వెళ్తుంటే, కిందటి రోజు దణ్ణం పెట్టినావిడ, "టీచరమ్మగారూ, నాలుగు మాటలు కథ చెప్పండి, అక్షింతలు వేసుకుంటాం," అని అడిగింది. అత్తగారు కాసేపు నీళ్ళకేసి చూశారు. తర్వాత మొదలుపెట్టారు. పత్తి, కవ్వం, బుట్ట, విమానం అన్నీ మామూలే. కాలి దగ్గరికొచ్చేసరికి ఆవిడ గొంతు మారింది. "అత్తగారికి స్వర్గం మీద ఆశ అంటారు. ఏం కాదమ్మా. కళ్ళెదురుగా పిల్ల ఒక్కర్తీ అలా లేచిపోతుంటే ఎవరికైనా స్వర్గం గుర్తొస్తుందా? పడిపోతుందేమోనని పట్టుకుంది. ఆవిడెక్కడ పడిపోతుందోనని కోడళ్ళు ఆవిణ్ణి పట్టుకున్నారు. గట్టున నిలబడి చూసినవాళ్ళు వాళ్ళకి తోచిన కథ చెప్పుకున్నారు." ఒక ముసలావిడ అక్షింతలు నెత్తిన వేసుకుని, "అంతే తల్లీ, ఇన్నాళ్ళకి చెప్పావు," అంది.

పిచిక మాత్రం తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. అమ్మమ్మ ఒడిలోంచి తల పైకెత్తి, "మరి నూనె ఎందుకు దాచింది?" అంది.

అత్తగారు చాలా బళ్ళలో చాలామంది పిల్లల ప్రశ్నలకి జవాబు చెప్పినావిడ. దీపాల వైపు చూశారు, మా ఆవిడ వైపు చూశారు, అక్షింతల పళ్ళెం పట్టుకుని ఇబ్బందిగా నిలబడ్డ నా వైపు చూశారు. "అది మాత్రం తప్పే. దాచకూడదు," అన్నారు.

"నువ్వయితే దాచవు కదా?"

"దాచను," అన్నారు. తల తిప్పకుండానే మా ఆవిడతో, "దాని గౌన్లు సంచిలోంచి తీసెయ్యి. నేనొక్కదాన్నే వెళ్తాను. చదువు దానికి వస్తోంది. అల్లుడుగారికే ఇంకా రావాలి," అన్నారు.

మొదటి బస్సుకి ఆవిణ్ణి ఎక్కించి, పిచికని భుజం మీద ఎక్కించుకుని కాలువ గట్టు మీద ఇంటికి నడిచి వస్తున్న ఆ ముప్పై నాలుగేళ్ళ గుమస్తా నాకు ఇప్పటికీ కనిపిస్తుంటాడు. లుంగీ అంచుకి ఇంకా బురద. ముఖంలో ప్రపంచాన్ని గెలిచిన ధీమా. ఆ పిల్ల భుజం మీద పట్టేది ఇంకెన్నాళ్ళో కాదని, ఆ కాస్త దారినీ ఇంకాస్త మెల్లగా నడవమని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినడు. వాడి బుర్ర అప్పటికే మార్గశిరంలోకి వెళ్ళిపోయింది. ధనుర్మాసం వస్తోంది, వాకిట్లో ముగ్గులు, ముగ్గుల్లో గొబ్బెమ్మలు. ఒక్కో గొబ్బెమ్మ ఒక్కో గ్రహం అయితే, మధ్యలో సూర్యుడికి పేడ ఎన్ని తట్టలు పడుతుందా అని లెక్క వేసుకుంటూ నడుస్తున్నాడు.